కుడివైపు జేబు

నేను ఒక కోటును. ఉత్త కోటును కాను, తిరగేసిన కోటును. మీకిప్పుడు బయటికి కనిపిస్తున్న ఈ కాఫీపొడి రంగు ఒకప్పుడు నా లోపలి వైపు. లోకానికి చూపించుకుని మురిసిపోయిన నా సన్నగళ్ల సోకంతా ఇప్పుడు అస్తరు కింద దాక్కుని ఉంది. ఎదమీది జేబు అన్ని కోట్లకూ ఎడమవైపు ఉంటే నాకు కుడివైపు ఉంది. గుండీలు ఆడవాళ్ల కోటుకున్నట్టు ఎడమవైపు ఉంటాయి. చూసినవాళ్లలో సగంమంది "పాపం, ఎవరో చేతకాని దర్జీ కుట్టినట్టున్నాడు" అని జాలిపడి వెళ్లిపోతారు. మీరూ ఆ సగంలో ఉంటే కాస్త ఆగండి. ఆ దర్జీ సంగతి చెప్పకుండా మిమ్మల్ని వదిలేది లేదు.

నేను పుట్టింది పంతొమ్మిది వందల అరవై రెండులో, సికింద్రాబాదులో. వృక్షశాస్త్రం చెప్పే లెక్చరరు ఒకాయనకు ఢిల్లీలో ఏదో మహాసభకు పిలుపొచ్చింది. డిసెంబరులో అక్కడ చలికి ముక్కు ఊడి కిందపడుతుందని ఎవరో భయపెట్టారు. అంతే, మంచి ఉన్నిగుడ్డ కొని నన్ను కుట్టించారు. బయట పెసరగింజంత సన్నటి నలుపు తెలుపు గళ్లు, లోపల సాదా గోధుమ వన్నె. నాలుగు రోజులు నన్ను తొడుక్కుని, ఒక ఫోటో దిగి తిరిగొచ్చి, నన్ను ట్రంకుపెట్టెలో పడేశారు. హైదరాబాదులో ఉన్నికోటుకు ఏడాదికి పది రోజులు పని ఉంటే గొప్ప. ఆ పది రోజులూ కూడా ఆయన స్వెట్టరుతో సరిపెట్టుకునేవారు. ఇరవై నాలుగేళ్లు నేను కలరా ఉండల వాసన పీలుస్తూ బతికాను. బతికానంటే బతికాను, అంతే.

ఆ ఇల్లు ఖాళీ చేసినప్పుడు పాతసామానులవాడు నన్ను మోసుకెళ్లి జుమ్మేరాత్ బజారులో, చిల్లుపడిన కిరసనాయిలు స్టవ్వుకూ మూగబోయిన గ్రామఫోనుకూ మధ్య పరిచాడు. నా బతుకు ఇక ఇంతేలే అనుకుంటుండగా భుజానికి చేతిసంచీ, కళ్లకు పెద్ద అద్దాలతో ఒకావిడ వచ్చి నా ముందు ఆగింది. పేరు వసుంధర. టీవీకి పదమూడు వారాల సీరియల్ తీస్తోంది. దాని పేరు 'డిటెక్టివ్ పరాంకుశం'. నిజం డిటెక్టివులు ఏం తొడుక్కుంటారో నాకు తెలియదు గాని, టీవీ డిటెక్టివుకు మాత్రం నడివేసవిలోనైనా కోటు ఉండి తీరాలి. ఆవిడ నన్ను ఎత్తి, దులిపి, తుమ్మి, "ఇదే పరాంకుశం కోటు" అంది. ఇరవై నాలుగేళ్ల తర్వాత నన్ను చూసి ఒక మనిషి ముఖం వెలిగింది. నేను ఉబ్బి తబ్బిబ్బయ్యాను.

ఆ సంబరం మర్నాటి దాకానే. శుక్రవారం కెమెరా ముందు నన్ను పెట్టి చూశారు. చూసి అందరూ గొల్లుమన్నారు. అప్పటి టీవీ కెమెరాలకు సన్నగళ్లు పడేవి కావు. చెయ్యి కొంచెం కదిలితే చాలు, నా గళ్లన్నీ తెరమీద చీమల బారుల్లా గజిబిజిగా పాకేవి. చూసేవాడికి కళ్లు తిరిగేవి. నేను దేన్ని చూసుకుని పాతికేళ్లు మిడిసిపడ్డానో అదే నా కొంప ముంచింది. వసుంధర గారు తల పట్టుకుంది. సోమవారమే మొదటి షూటింగు. బజారులో దొరికే రెడీమేడు కోట్లన్నీ పెళ్లికొడుకులవి, అద్దంలా మెరిసేవి. అవి తొడుక్కున్నవాణ్ణి చూసి దొంగ పారిపోవడం అటుంచి, అక్షింతలు వేసి వెళతాడు.

అప్పుడు సీరియల్‌కు బట్టలు కుట్టే దర్జీ మూలనుంచి ముందుకొచ్చాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. బక్కపలచని మనిషి, మెళ్లో టేపు. నా అంచు పైకెత్తి చూశాడు.

"మేడమ్, గీ గుడ్డ ఎన్కపక్క సూసిండ్రా? సాదాగ ఉన్నది. మొత్తం ఇప్పి, తిప్పి కుడ్త."

"సోమవారం పొద్దున్నకల్లానా, రాజలింగం?"

"నడుమ ఐతారం ఉన్నది గద మేడమ్."

అలా నేను చిక్కడపల్లిలో రాజలింగం కొట్టుకు చేరాను. ముందర కొట్టు, వెనక ఒక గదిలో కాపురం. ఆదివారం పొద్దున్నే ఆయన షట్టరు సగానికి దించి, కుట్టుమిషను కింద గుడ్డలో చుట్టిపెట్టిన కత్తెర బయటికి తీశాడు. ఆ కత్తెరను చూస్తే నాకే తికమక అయింది. దాని రెక్కలు తిరగేసి ఉన్నాయి. సొంతూళ్లో ఒక కమ్మరిచేత ప్రత్యేకంగా చేయించుకున్నాడట. దాన్ని ఎడమచేత్తో పట్టుకున్నాడు. అంతవరకు నన్ను తాకిన చేతులన్నీ కుడిచేతులే. ఈ చెయ్యి మాత్రం నా కుట్లమీద నడుస్తుంటే ఎక్కడ పోగు బిగిసిందో, ఎక్కడ గుడ్డ నలిగిందో దానికి ముందే తెలిసినట్టుండేది.

మరి ఇంత పనితనం ఉన్న చేతిని దాచడం దేనికి? కొట్టు పెట్టిన కొత్తలో ఒక పెద్దమనిషి కొడుకు పెళ్లిబట్టలు ఇచ్చి, ఈయన పుర్రచేత్తో కత్తెర పట్టడం చూసి, శుభమా అని పెళ్లి చేసుకుంటూ ఈ చేత్తోనా అని అరిచి, గుడ్డ లాక్కుని పోయాడట. వీధివీధంతా విన్నది. ఆనాటినుంచి గిరాకీ ఎదుట కుడిచేత్తో టేపు పట్టడం, షట్టరు దించి ఎడమచేత్తో పని చేయడం. అంతకుముందు కథ ఇంకా ఉంది. ఎడమచెయ్యి వెనక చిన్న ముక్కోణం మచ్చ. ఎనిమిదేళ్లప్పుడు ఎడమచేతి వాటం మానడం లేదని తండ్రి నిప్పుల ఇస్త్రీపెట్టె ముక్కు అక్కడ ఆనించాడు. వాటమూ మానలేదు, మచ్చా మానలేదు.

గడప మీద ఏడేళ్ల కూతురు స్వరూప కూర్చుని, నానుంచి ఊడిన పాతదారాలు ఏరి ఉండ చుడుతోంది. ఏ చేత్తో అని నేను వేరే చెప్పాలా? తండ్రి అటు చూడగానే ఉండ చటుక్కున కుడిచేతిలోకి మారేది. ఆ పిల్ల రెండో తరగతి. ఎడమచేత్తో రాస్తోందని బళ్లో సులోచన టీచరు ఆ చేతిని రిబ్బనుతో బెంచీకి కట్టేస్తోంది. కట్టడం మొదలైన దగ్గర్నుంచి పిల్లకు మాట తడబడటం పట్టుకుంది. "బా... బా... బాపూ" అని మూడు ప్రయత్నాలు చేసి, చెప్పాల్సింది చెప్పకుండానే మానేసేది. రెండు రోజుల కిందట టీచరు చీటీ పంపింది. ఈ అలవాటు మాన్పించకపోతే వచ్చే ఏడూ రెండో తరగతే అని.

నన్ను తిప్పి కుట్టడం మధ్యాహ్నానికి సగమైంది. రాజలింగం నన్ను పక్కకు పెట్టి స్వరూప బడిచొక్కా అందుకున్నాడు. దాని ఎడమ చేతికి గుడ్డ అతికి వేళ్లు దాటేదాకా పొడిగించి, కొస మూసి కుట్టేశాడు. రిబ్బనైతే విప్పుకోవచ్చు, ఇది విప్పుకోలేదు కదా. నన్ను కుడుతున్న అదే దారంతో, అదే ఎడమచేత్తో, కూతురి ఎడమచెయ్యి బయటికి రాకుండా కుట్టాడు. నాకు ఒళ్లు మండింది. కోటుకు నోరుంటే అప్పుడు చెప్పేదాన్ని.

"నీ మంచికే బిడ్డా" అన్నాడు. "నా తీర్గ నువ్వు దాసుకుంట బతుకద్దు."

పిల్ల చొక్కా తొడుక్కుని, మూసిన చేతిని పైకెత్తి చూసుకుంది. వెనకగదిలోంచి తల్లి వచ్చి చూసి, మొగుణ్ణొక చూపు చూసి, లోపలికి పోయి గిన్నెలు కాస్త గట్టిగానే కడిగింది.

సోమవారం షూటింగు. పరాంకుశం వేషం విశ్వపతి గారిది. రాజమండ్రి నాటకాల మనిషి, ముప్పై ఏళ్లు పౌరాణికాలు ఆడినవాడు, గొంతు విప్పితే లైట్లు అదిరేవి. నన్ను తొడుక్కుని అద్దంలో చూసుకుని "భేష్" అన్నాడు. కెమెరా తిరిగింది. గదిలో శవం. పరాంకుశం చుట్టూ చూసి, జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీయాలి. విశ్వపతి గారి కుడిచెయ్యి ఠీవిగా ఎడమ ఎదమీదికి వెళ్లింది. అక్కడ జేబు లేదు. చెయ్యి పైకి వెళ్లింది, కిందికి వచ్చింది, చంకలోకి తొంగి చూసింది. గుండెపోటు వచ్చినవాడిలా తడుముకుంటున్నాడు. శవం వేషం వేసినవాడు ముందు నవ్వాడు, తర్వాత అందరూ.

తిరగేస్తే జేబు ఎటు పోతుంది? రెండో పక్కకే పోతుంది. అది గుడ్డను కోసి పెట్టిన జేబు, ఊడదీసి ఇంకోచోట అతికేది కాదు. రాజలింగం దర్జీతనానికి అదే హద్దు, ఆయనదే కాదు, ఏ దర్జీకైనా.

"అయితే ఎడమచేత్తో తీయండి" అంది వసుంధర గారు.

"ఎడమచేత్తోనా! ఏవిటండీ ఈ చోద్యం? అంత పరిశోధకుడు, పుర్రచేతివాడంటే జనం ఏవనుకుంటారు?"

"గుర్తుపెట్టుకుంటారండీ."

తియ్యడం ఎలాగో అలవాటు చేసుకున్నాడు, పాపం. కాని రాయాలిగా. ఆధారాలు రాసుకోవడం పరాంకుశం ప్రత్యేకత, ప్రతి వారం పుస్తకం దగ్గరగా చూపించాలి. విశ్వపతి గారి ఎడమచేతి అక్షరాలు పీతలు నడిచిన ఇసుకలా వచ్చాయి. వసుంధర గారు విసుగ్గా చుట్టూ చూసింది. పక్కన రాజలింగం ఒళ్లు మరిచి, నా అంచు సరిచెయ్యడానికి సుద్దతో గీత గీస్తున్నాడు. ఎడమచేత్తో. గీత దారం పట్టి గీసినట్టుంది.

"రాజలింగం, ఇలా రండి. ఈ కోటు మీరు తొడుక్కోండి."

ఆయన చెయ్యి వెనక దాచుకున్నాడు. "నేను నలుగురి ముంగట గీ చేత్తోని రాయ మేడమ్."

"నలుగురెక్కడున్నారండీ, కెమెరా ఒక్కటేగా. మీ చెయ్యి తప్ప ఏమీ కనబడదు."

"నా పేరు మాత్రం ఎవలకు సెప్పద్దు."

"చెప్పను."

నన్ను కుట్టిన చెయ్యి నా చేతిలోకి వచ్చింది. పెన్సిలు పట్టుకుంది. "కిటికీ గడియకు బయట గీతలు" అని రాసింది, గుండ్రటి అక్షరాలతో, నింపాదిగా. కొలతల పుస్తకంలో ఏళ్ల తరబడి దాక్కుని రాసిన అక్షరాలు అవి. వసుంధర గారు ఊపిరి బిగబట్టి చూసి, "ఇదే" అంది. నా విషయంలోనూ అదే మాట అన్నదని గుర్తొచ్చి నాకు కాస్త గర్వమేసింది.

అయితే దగ్గరి చూపులో మచ్చ కూడా కనిపించింది. ఇక విశ్వపతి గారి చేతికి కూడా రోజూ మేకప్పు మనిషి ముక్కోణం మచ్చ దిద్దాల్సి వచ్చింది. మొదట్లో ఆయన విసుక్కునేవాడు. సీరియల్ మొదలై రెండు వారాలయ్యేసరికి బజారులో జనం ఆయన ఎడమచేతిని పట్టుకుని చూడటం మొదలుపెట్టారు. ఆ తర్వాత మేకప్పు చెరుపుకోకుండానే కూరగాయల మార్కెట్టుకు వెళ్లేవాడు.

ఇంతలో ఉత్తరాల వాన. ఆ మచ్చ ఏ కేసులో పడింది, జేబు కుడివైపు ఎందుకుంది, అందులో రహస్యం ఏమిటి అని. డిటెక్టివ్ సీరియల్ చూసేవాళ్లకు గోడమీది బల్లి కూడా ఆధారమే. వసుంధర గారు ఉత్తరాలు మేకప్పు గదిలో పైకి చదివేది. వాటిలో ఒకటి నాకు బాగా గుర్తు. ఒక ఉపాధ్యాయిని రాసింది. మంటల్లోంచి పసిబిడ్డను ఎత్తుకొచ్చినప్పుడు పరాంకుశం గారి చెయ్యి కాలి ఉంటుందని, అంతటి దయగల చేతికి తన నమస్కారాలని రెండు పేజీలు. మూలన గుండీలు కుడుతున్న రాజలింగం తలెత్తలేదు. సూది మాత్రం వేలికి గుచ్చుకుంది.

ఫ్యాషను ఎలా పుడుతుందో ఆ ఎండాకాలంలో నేను కళ్లారా చూశాను. కుర్రకారు దర్జీ కొట్లకెళ్లి "పరాంకుశం జేబు పెట్టాలి" అనేవాళ్లు. అంటే చొక్కాకు కుడివైపు జేబు. అందులో కుడిచెయ్యి పెట్టబోయి మెడలు పట్టేసుకున్నవాళ్లు కూడా ఉన్నారు. చిక్కడపల్లిలో ఆ జేబులు కుట్టింది ఎక్కువగా రాజలింగమే, షట్టరు సగం దించి. ఆయన చేతిని ఊరంతా తొడుక్కుని తిరుగుతోంది, ఆయనేమో ఆ చేతిని ఇంకా దాచుకుంటున్నాడు. మనుషుల సంగతి మీకే తెలియాలి, నాకు మాత్రం నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు.

నాలుగో వారం, మంగళవారం సాయంత్రం. రాజలింగం కొట్టు పక్కన టీవీలు బాగుచేసే కొట్టుంది. దాని యజమాని ఒక టీవీని వీధివైపు తిప్పి పెట్టేవాడు, నలభై యాభైమంది నిలబడి చూసేవాళ్లు. మర్నాటి షూటింగుకు ఇస్త్రీ అయి నేను కొట్టు తలుపుకు వేలాడుతున్నాను. రాజలింగం జనం వెనక నిలబడ్డాడు. స్వరూప ముందు వరుసలో ఉంది. అన్నాళ్లూ తల్లి బయటికి పోనివ్వక ఆ పిల్ల ఒక్క వారమూ చూడలేదు. బడినుంచి వచ్చిన చొక్కాతోనే ఉంది, మూసిన చెయ్యి పక్కన వేలాడుతోంది. అప్పటికి నాలుగు వారాలై ఆ కొస నల్లగా మాసిపోయింది.

తెరమీద పుస్తకం వచ్చింది. చెయ్యి వచ్చింది. పెన్సిలు నడుస్తోంది. వీధిలో చడీచప్పుడూ లేదు.

"అది మా బాపు చెయ్యి" అంది స్వరూప.

ఒక్క అక్షరం తడబడలేదు. జనం నవ్వారు. "మీ బాపు డిటెక్టివ్ ఎప్పుడయిండు పిల్లా?" అన్నాడొకడు. స్వరూప వాళ్లను పట్టించుకోలేదు. జనం కాళ్లమధ్యనుంచి దూరి తండ్రి దగ్గరికొచ్చి, ఆయన వెనక దాచుకున్న చేతిని ముందుకు లాగింది. మచ్చమీద వేలు పెట్టింది.

"బాపూ, నీ చెయ్యి రాస్తుంటే గిందరు సప్పుడు సెయ్యకుంట సూస్తున్నరు. మరి నా చెయ్యికెందుకు కుట్లేసినవ్?"

రాజలింగం నోరు తెరిచాడు. "బి... బి... బిడ్డా" అన్నాడు. ఈసారి తడబడింది ఆయన. ఆ మనిషి ముఖం చూసి నాకు గుండె కలుక్కుమంది, నాకు గుండె లేదంటారు గాని ఆ జేబు వెనక ఏదో ఉంది. ఆయన కొట్లోకి వచ్చి, మిషను కింద గుడ్డమూట విప్పి, తిరగేసిన కత్తెర తీశాడు. షట్టరు దించలేదు. వీధి దీపాల వెలుతురులో, గిరాకీలందరూ చూసేచోట, గడపమీద కూర్చుని, కూతుర్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఎడమచేత్తో ఆ కుట్లు ఒక్కొక్కటే తెంపాడు. లోపలినుంచి చిన్న చెయ్యి బయటికొచ్చింది, చెమటకు పాలిపోయి. ఆయన దాన్ని తన కళ్లకద్దుకున్నాడు.

"తప్పయింది బిడ్డా. తప్పయింది."

ఒకరిద్దరు తిరిగి చూసి "అరె, రాజలింగన్నది పుర్రచెయ్యా!" అన్నారు. అని మళ్లీ టీవీవైపు తిరిగారు. నలభైమంది డిటెక్టివ్ సీరియల్ చూస్తున్నారు, ఆధారం వాళ్ల పక్కనే కూర్చుని ఉంది, ఒక్కడికీ తట్టలేదు. రేపటినుంచి ఎంతమంది గిరాకీలు పోతారో ఆయనకు తెలియదు. చెప్పాలంటే, ఇద్దరు పోయారు. కుడివైపు జేబుల కోసం ఇరవైమంది వచ్చారు.

బుధవారం పొద్దున్న షూటింగుకు వెళ్లే దారిలో ఆయన నన్ను భుజాన వేసుకుని, కూతుర్ని వెంటబెట్టుకుని బడికి వెళ్లాడు. సులోచన టీచరు హాజరుపట్టీ ముందు కూర్చుని ఉంది. కళ్లజోడు, నున్నటి జడ, గట్టి మనిషి. చొక్కా చూసింది.

"కుట్లు విప్పేశారేమిటి?"

"టీచరమ్మా, మా పిల్లను గా చేత్తోనే రాయనియ్యుండ్రి."

"నా మాట లెక్కలేదన్నమాట. రేపు దాన్ని అందరూ వెక్కిరిస్తే నన్నడక్కండి. ఇది మీ ఇష్టప్రకారమే అని రాసివ్వండి."

కాగితం ముందుకు తోసింది. కలం ఇచ్చింది. రాజలింగం కలాన్ని కుడిచేత్తో అందుకున్నాడు, అది పాత అలవాటు. ఒక్క క్షణం ఆగి, ఎడమచేతికి మార్చుకున్నాడు. రాయడం మొదలుపెట్టాడు. గుండ్రటి అక్షరాలు, నింపాదిగా.

టీచరు ఆ అక్షరాలను చూసింది. చేతిని చూసింది. మచ్చను చూసింది. తర్వాత ఆయన భుజంమీద నన్ను చూసింది, నా కుడివైపు జేబును చూసింది. వీధిలో నలభైమందికి తట్టనిది ఆవిడకు తట్టింది, అందుకు మాత్రం నేను మెచ్చుకుంటాను.

"ఈ మచ్చ..." అంది. "ఇది... మంటల్లోనా?"

అప్పుడు నాకు అర్థమైంది, ఆ రెండు పేజీల ఉత్తరం ఎవరిదో.

"మంటలేంది టీచరమ్మా. ఇస్త్రీపెట్టె. గీ చేత్తో రాస్తున్ననని మా నాయిన పెట్టిండు. నాకప్పుడు గీ పిల్లంత ఈడు ఉంటది."

ఆవిడ బల్ల సొరుగు లాగింది. అందులో నీలం రిబ్బను చుట్టి ఉంది. దాన్ని తీసి తన సంచీలో, లోపలికంటా కుక్కేసుకుంది, ఎవరూ చూడకూడని వస్తువులా. రాజలింగం రాసిన కాగితాన్ని మాత్రం మడిచి కళ్లజోడు పెట్టెలో పెట్టుకుంది. కళ్లు తుడుచుకోబోతే కళ్లజోడు అడ్డమొచ్చింది.

"స్వరూపా, ఇలా రా. మధ్యలో వద్దు. బెంచీకి ఎడమ కొసన కూర్చో. పక్కవాళ్లకు మోచెయ్యి తగలదు."

పలక ఇచ్చింది. పిల్ల బలపం ఎడమచేతిలోకి తీసుకుని తండ్రి ముఖంలోకి చూసింది. ఆయన తలూపాడు. బయటికొచ్చాక గేటు దగ్గర నిలబడి నా మెడపట్టీతో ముఖం తుడుచుకున్నాడు. ఆ తడికి ఇస్త్రీ పోయింది, షూటింగులో మేకప్పు మనిషి చేత తిట్లు తిన్నాడు. ఎందుకు నవ్వుతున్నాడో అక్కడ ఎవరికీ అర్థం కాలేదు.

పదమూడు వారాలూ అయిపోయాయి. చివరి రోజు విశ్వపతి గారు చేతిమీది మచ్చను తడిగుడ్డతో మెల్లగా తుడుచుకుంటూ కూర్చున్నాడు. "ముప్పై ఏళ్లు నోటితో సంపాదించిన పేరయ్యా, నీ చెయ్యి మూడు నెలల్లో దాటేసింది" అన్నాడు రాజలింగంతో. "ఈ కోటు నాకిప్పించు. వేషం నాది, చెయ్యి నీది, జ్ఞాపకమన్నా నాకుండనీ." రాజలింగం నన్ను మడిచి, రెండు చేతులతో ఇచ్చాడు. నేను రాజమండ్రి వెళ్లిపోయాను. మళ్లీ పెట్టె, మళ్లీ కలరా ఉండలు. ఆ మహానుభావుడు ఏడాదికోసారి నన్ను తీసి, తొడుక్కుని, ఎడమచేత్తో గాలిలో రాసేవాడు. ఆయన పోయాక కొడుకులు నన్ను హైదరాబాదుకు పంపారు, పాత టీవీ సామాన్ల ప్రదర్శనశాల పెడుతున్నారని. సీరియల్ టేపులు మాత్రం ఇప్పుడు ఎక్కడా లేవట.

ఇక్కడ నన్ను ఒక ప్లాస్టిక్ బొమ్మకు తొడిగి, బొమ్మ కుడిచేతిలో నోటుపుస్తకం పెట్టారు. కింద కార్డు. "డిటెక్టివ్ పరాంకుశం కోటు. నటుడు విశ్వపతి ధరించినది. దర్జీ పొరపాటు వల్ల జేబు కుడివైపు పడింది." రోజుకు ఎంతమంది ఆ కార్డును పైకి చదివేవారో! పొరపాటట! ఒక్కొక్కసారి ఆ బొమ్మ చెయ్యి విరిగి వాళ్లమీద పడితే బాగుండుననిపించేది.

పోయిన నెలలో ఒక ఆదివారం, నలభై దాటిన ఒకావిడ వచ్చింది. సర్వే ఆఫీసులో పటాలు గీస్తుందని తర్వాత తెలిసింది. కార్డు చదివింది. మళ్లీ చదివింది. 'ముట్టుకోరాదు' అన్న బోర్డును దాటుకొచ్చి తన ఎడమచేతిని నా ఎడమచేతి కొసలోకి దూర్చింది, మణికట్టు దాకా. లోపల అరిగిపోయిన చోటు తడిమింది. ఆ వేళ్లను నేను గుర్తుపట్టకపోతే ఇంకెవరు గుర్తుపడతారు? దారం ఉండ చుట్టిన వేళ్లు అవి.

"బాపు పోయి నాలుగేండ్లయింది" అంది మెల్లగా, నాతోనే. తడబడకుండా.

అక్కడ పనిచేసే అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. "మేడమ్, ముట్టుకోకూడదండీ. ఏమైనా చెప్పాలంటే ఆ పుస్తకంలో రాయండి." సందర్శకుల పుస్తకం పక్కన కలం గొలుసుతో బల్లకు కుడివైపు కట్టేసి ఉంది. ఎడమచేతికి గొలుసు చాలలేదు. ఆవిడ పుస్తకాన్నే కలం దగ్గరికి జరుపుకుని రాసింది. "జేబు పొరపాటు కాదు. రాసిన చెయ్యి మా బాపుది."

ఆ అమ్మాయి చదివి, ఆవిడ చేతిని చూసి, బొమ్మను చూసింది. కుర్చీ తెచ్చి వేసింది. స్వరూప మొత్తం చెప్పింది, నేను మీకు చెప్పినదానికన్నా తక్కువ మాటల్లో. అంతా విని ఆ అమ్మాయి నోటుపుస్తకాన్ని బొమ్మ ఎడమచేతికి మార్చింది. పాత కార్డు చింపేసింది.

"మీ నాన్నగారి పేరు చెప్పండి మేడమ్, కొత్తది టైపు చేయిస్తాను."

"టైపు వద్దమ్మా" అంది స్వరూప. "నేనే రాస్త."

ఆ కార్డు బొమ్మ కాళ్ల దగ్గరే ఉంది, కొంచెం ముందుకొచ్చి చదవండి. "రాజలింగం, దర్జీ. కోటు తిప్పి కుట్టినదీ, పరాంకుశం చెయ్యిగా రాసినదీ ఆయనే." అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. నింపాదిగా చదువుకోండి, ఇక్కడ తలుపులు మూసేది అయిదింటికి.